తలుపు తియ్యండి

ఆ హోటలు తలుపు గడియ తియ్యాలంటే ముందు పొడుగాయన నోరు తెరవాలి. అది హోటలు యజమాని పెద్దాయన పెట్టిన పద్ధతి. వంట పూర్తయ్యాక వంటమాస్టారు పొయ్యి దగ్గర్నుంచి పక్కకు తప్పుకునేవాడు. బల్లల దగ్గర వడ్డించే పొడుగాయన లోపలికి వచ్చి, ఒక్కో గిన్నెలోంచి ఒక్కో చెంచా తీసి, ఊది, నోట్లో పెట్టుకుని, మింగి, అప్పుడు "తలుపు తియ్యండి" అనేవాడు. ఆ మాట రాకపోతే గడియ కదిలేది కాదు. ఉప్పో పులుపో సరిచేసి మళ్లీ చెంచా చేతికిచ్చేవారు. "వండినవాడి నాలుక వండినవాడి పక్షమే మాట్లాడుతుంది. తినేవాళ్ల మొహం చూడాల్సింది నువ్వు. కాబట్టి ముందు నువ్వు తిను" అనేవాడు పెద్దాయన.

పెద్దాయన పోయాడు. హోటలు అల్లుడి చేతికి వచ్చింది. ఎన్నో మార్చిన అల్లుడు ఎందుకనో ఈ ఒక్కదాని జోలికి పోలేదు. బహుశా దీనికి ఖర్చు లేదు కాబట్టి కావచ్చు.

ఆ రోజూ పొడుగాయన చెంచా అందుకుని చేపల సూప్ గిన్నె మూత తీశాడు. ఆవిరి వచ్చింది గానీ వాసన రాలేదు. చెంచా ముంచాడు, పెదవుల దాకా తెచ్చాడు, ఉత్త పెదవులే చప్పరించాడు, చెంచా కుళాయి కింద పెట్టి కడిగేశాడు. కూర గిన్నె దగ్గరా అదే తంతు. మాస్టారు అటు చూడకుండా ఉల్లిపాయలు తరిగే బల్ల తుడుస్తున్నాడు. తుడిచిందే తుడుస్తున్నాడు.

"తలుపు తియ్యండి" అన్నాడు పొడుగాయన.

అల్లుడు గడియ తీశాడు.

అల్లుడు మర్యాదస్తుడు. గిన్నెలు కడిగే ఆవిడని కూడా 'మీరు' అంటాడు. వచ్చిన కొత్తలోనే సూప్ గిన్నెలు మార్పించాడు. పాతవి లోతుగా ఉండేవి. కొత్తవి చూడ్డానికి పెద్దవే గానీ అడుగు మందం; నిండా పోసినా నాలుగు చెంచాలు తాగేసరికి చెంచా అడుగుకి తగిలి టంగుమంటుంది. చేప ముక్క సగమైంది, దాని కింద పరిచే ఆకులు రెట్టింపయ్యాయి. చేపల బుట్ట రావడం మానేసి గడ్డకట్టిన చేపలుండే మంచుపెట్టెలు రావడం మొదలైంది. నిన్న మిగిలింది ఇవాళ్టి దాంట్లో, ఇవాళ మిగిలింది రేపటి దాంట్లో కలుస్తోంది. చిక్కదనానికి పిండి, రంగుకి ఏదో పొడి. గోడలకి మాత్రం కొత్త రంగు వేసి, ప్రతి బల్ల మీదా ఒక పసుపు దీపం వేలాడదీశారు. మెనూ కార్డు అట్టా మందమైంది, అందులోని ధరలూ మందమయ్యాయి. పైన పటారం, లోన లొటారం.

ముందుగా గొడుగాయన వచ్చాడు. ఎండా వానా అని లేకుండా గొడుగుతోనే తిరుగుతాడు కాబట్టి అందరికీ ఆయన గొడుగాయనే. పెద్దాయన రోజుల నుంచీ వస్తున్నవాడు. గొడుగు కుర్చీకి తగిలించి ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"ఏం బాగుంటుందోయ్ ఇవాళ?"

"అన్నీ బాగుంటాయండి."

సూప్ తెచ్చి పెట్టాడు. గొడుగాయన నాలుగు చెంచాలు తాగాడు. టంగుమంది. వంగి గిన్నెలోకి చూశాడు.

"ఇదివరకు ఇందులో చేప ఈదేదోయ్. ఇప్పుడు దీని పక్కనుంచి నడుచుకుంటూ వెళ్లిపోయినట్టుంది."

"వంట పద్ధతి కొంచెం మార్చామండి" అన్నాడు పొడుగాయన. అల్లుడు నేర్పిన వాక్యం అది.

గొడుగాయన కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. బిల్లు కట్టి, తనదే ఏదో పొరపాటన్నట్టు తల వంచుకుని వెళ్లిపోయాడు. డబ్బిచ్చి మోసపోయినవాడు సిగ్గుపడుతూ బయటికి పోతాడు, మోసం చేసినవాడు తలెత్తుకుని 'మళ్లీ రండి' అంటాడు. ఇదెక్కడి న్యాయమో ఎవరికీ తెలియదు. ఆ 'మళ్లీ రండి' అన్నది పొడుగాయనే.

మధ్యాహ్నం రద్దీ తగ్గాక పొడుగాయన భోజనానికి ఇంటికి వెళ్లాడు. ఇల్లు వెనక వీధిలోనే. ఇదివరకు పనివాళ్లంతా హోటల్లోనే తినేవాళ్లు. ఇప్పుడూ తినొచ్చు, అల్లుడు వద్దనలేదు. ఎవరూ తినరు, అంతే.

మందుల షాపులో చేరిన కూతురు ఆ పూట త్వరగా వచ్చేసింది. మొహం వెలిగిపోతోంది. మొదటి జీతం.

"నాన్నా, ఎల్లుండి నాకు సెలవు. అమ్మా, నేనూ మీ హోటలుకి వస్తున్నాం. డబ్బు నాది. నువ్వేం మాట్లాడకు."

పొడుగాయన చేతిలో ముద్ద మళ్లీ కంచంలో పెట్టేశాడు. "మా హోటలెందుకు తల్లీ? బజారు చివర కొత్తది పెట్టారట, అక్కడైతే..."

"అక్కడి చేపల సూప్ గురించి నాకెవరైనా చెప్పారా?"

చెప్పింది తనే. ఆ పిల్లకి మాటలు వచ్చినప్పటి నుంచీ చెప్పాడు. చేప తల నీళ్లలో ఎలా ఉడుకుతుందో, దాని కళ్లు ఎప్పుడు తెల్లబడతాయో, ఉల్లిపాయ ఎంత ఎర్రబడాలో, మిరియాలు పొడి చెయ్యకుండా ఎందుకు దంచాలో, ఆఖర్న దించి నిమ్మకాయ పిండితే వాసన వీధి మలుపు దాకా ఎలా పోతుందో. అది వింటూ ఆ పిల్ల ఆకుకూర అన్నం తినేది. వాళ్లమ్మ వండిందాంట్లో మొదటి చెంచా ఆ పిల్లదే. కళ్లు మూసుకుని, నోరు కదిపి, "తలుపు తియ్యండి!" అని అరిచేది. ఆ అరుపు వినబడ్డాకే ఇంట్లో వడ్డన. ఒకసారి "ఊహూఁ, ఉప్పు లేదు" అంటే, వాళ్లమ్మ నిజంగానే లేచి ఉప్పు తెచ్చి కలిపింది.

"రద్దీగా ఉంటుందమ్మా. నిన్ను సరిగా చూసుకోలేను."

కూతురు మొహంలో వెలుగు కొంచెం తగ్గింది. "నువ్వు మాకు వడ్డించాల్సొస్తుందనా నాన్నా? నాకేం నామోషీ లేదు. నీకుందా?"

"ఛ, అదేం మాట."

"అయితే ఎల్లుండి."

భార్య ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది. ఆయన అదీ తినేశాడు.

సాయంత్రం వంటింట్లో మాస్టారు మంచుపెట్టెలోని గడ్డ పగలగొడుతుంటే పొడుగాయన దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఎల్లుండి మా అమ్మాయి వస్తానంటోంది. మొదటి జీతం."

"తినడానికి దానికి ఊళ్లో ఇంకే చోటూ దొరకలేదా?"

"ఒక్క గిన్నె చాలు మాస్టారూ. పాత పద్ధతిలో."

మాస్టారు చేతిలోని మంచుగడ్డని పైకెత్తి చూపించాడు. లోపల బూడిదరంగు ముక్కేదో ఇరుక్కుని ఉంది. "దీంతోనా? దండం పెడితే ఇది చేపవుతుందా?" దాన్ని తొట్టిలో పడేశాడు. "అయినా నన్నెందుకోయ్ అడుగుతావు? రోజూ బాగుందనేది నువ్వే కదా."

పొడుగాయన తల దించుకున్నాడు. అన్నవాడికీ నొప్పిగానే ఉన్నట్టుంది. చేతులు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "నువ్వు కాదంటావేమోనని మొదట్లో రోజూ చూసేవాణ్ణి. నువ్వు అనలేదు. నేనూ అనలేదు. ఈ వయసులో నన్ను ఇంకెవడు పెట్టుకుంటాడు చెప్పు."

"చేప నేను తెస్తాను."

"తే. తల మర్చిపోకు."

మర్నాడు పొద్దున్నే పొడుగాయన చేపలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లి, రేపటికి తనకి మంచి చేపొకటి తలతో సహా తీసిపెట్టమన్నాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "మీ హోటలు చేపలు తినడం మానేసిందనుకున్నానే!" అంది. ఆయన నవ్వేసి వచ్చాడు. ఆ ఒక్క గిన్నె గండం గడిస్తే చాలనుకున్నాడు.

గడవలేదు. జీతం చేతిలో పడ్డ పిల్ల రెండు రోజులు ఆగుతుందనుకోవడం ఆయన తెలివితక్కువ. ఆ సాయంత్రమే షాపు కట్టెయ్యగానే ఇంటికి పరిగెత్తి, తల్లికి మంచి చీర కట్టించి, చెయ్యి పట్టుకుని హోటలుకి లాక్కొచ్చింది.

తలుపు దగ్గర వాళ్లిద్దర్నీ చూసి పొడుగాయన చేతిలో కంచాలు ఒకదానికొకటి తగిలి మోగాయి. కూతురు పసుపు దీపం కింద కుర్చీ లాక్కుని కూర్చుంది. అల్లుడు తనే వచ్చి మెనూ కార్డు ఇచ్చి వెళ్లాడు. ఆమె దాన్ని తెరవకుండానే పక్కన పెట్టి, అచ్చం గొడుగాయనలాగే, తండ్రి వైపు తలెత్తి అడిగింది.

"ఏం బాగుంటుంది నాన్నా ఇవాళ?"

"అన్నీ బాగుంటాయండి" అన్నాడు పొడుగాయన.

కూతురు పకపకా నవ్వింది. "నాకు 'అండీ' ఏంటి నాన్నా!"

వంటింట్లోకి వెళ్లి చూశాడు. మాస్టారు కిటికీలోంచి అప్పటికే చూసి ఉన్నాడు. ఇద్దరూ సూప్ గిన్నె వైపు చూశారు. మాస్టారు ఓ నిమ్మకాయ చెక్క దొరికితే పిండాడు. నాలుగు మిరియాలు దొరికితే గరిటె వెనక భాగంతో నలిపి చల్లాడు. అంతకన్నా చెయ్యడానికి ఆ వంటింట్లో ఏమీ లేదు. పొడుగాయన గిన్నెలు పళ్లెంలో పెట్టుకుని బయటికి నడిచాడు. ఎన్నో పళ్లేలు మోసిన ఆ చేతులకి ఈ పళ్లెం మాత్రం బరువైంది.

కూతురు చెంచా తీసుకుంది. తండ్రిని చూసి చిలిపిగా కళ్లు మూసుకుంది. మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

పొడుగాయన ఆ మాట కోసం చూశాడు. వద్దనుకుంటూనే చూశాడు.

ఆ పిల్ల నోరు కదిలింది, ఆగింది. మింగింది. కళ్లు వెంటనే తెరవలేదు. తెరిచాక తండ్రి మొహంలోకి చూడకుండా గిన్నెలోకి చూసింది.

"బాగుంది నాన్నా" అంది.

టంగుమని భార్య గిన్నె అడుగు తగిలింది. ఆవిడ చెంచా పక్కన పెట్టి చీర కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత చేప వచ్చింది. కూతురు ముక్కని చెంచాతో నొక్కితే నీళ్లు ఊరి కింద ఆకుల్లోకి కారాయి. అయినా ఒక్క పోగు మిగల్చకుండా తింది. మందు మింగినట్టు, ఊపిరి బిగబట్టి తింది. అమ్మ వదిలేసింది కూడా తన కంచంలోకి తీసుకుంది.

అల్లుడు బల్ల దగ్గరికి వచ్చాడు. "ఎలా ఉందండీ భోజనం?"

"చాలా బాగుందండి" అంది కూతురు. "మా నాన్న ఇక్కడే పనిచేస్తారు. చిన్నప్పటి నుంచీ వింటున్నాను మీ సూప్ గురించి."

"అలాగా! సంతోషం" అన్నాడు అల్లుడు. పొడుగాయన భుజం తట్టాడు. భుజం తట్టించుకోవడం అంత నరకంగా ఉంటుందని పొడుగాయన అప్పటిదాకా ఎరగడు. బిల్లు పళ్లెంలో ఆ పిల్ల డబ్బులు పెట్టి, వడ్డించినవాడికని ఇంకొంచెం విడిగా పెట్టి, తండ్రి వైపు సిగ్గుగా నవ్వింది. ఆ డబ్బు ఆయన గిన్నెలు కడిగే ఆవిడ చేతిలో పెట్టేశాడు.

రాత్రి ఆయన ఇల్లు చేరేసరికి ఇద్దరూ పడుకున్నారు. తినబుద్ధి కాక ఆయనా పడుకున్నాడు. పొద్దున్న లేచి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళితే అన్నం గిన్నె బోర్లించి ఉంది. తనకోసం రాత్రిపూట ఎప్పుడూ అందులో ఇంత మిగిలే ఉంటుంది. అడుగు దాకా గోకిన గిన్నె అది.

"రాత్రి అన్నం ఎవరు తిన్నారు?"

"ఎవరు తింటారు? మేమే" అంది భార్య పొయ్యి వెలిగిస్తూ.

"హోటల్లో తినొచ్చి మళ్లీనా?"

ఆవిడ టీ గిన్నె పెట్టింది. నీళ్లు కాగేదాకా ఆగింది. "పెద్దాయన ఉన్నన్నాళ్లూ మీరు త్రేనుస్తూ ఇంటికొచ్చేవాళ్లు. ఆయన పోయాక రెండు పూటలా ఇంట్లోనే తింటున్నారు. మారు వడ్డిస్తే అదీ తింటున్నారు. అక్కడి తిండి ఎలా ఉందో నాకు ఒకరు చెప్పాలా?"

"మరి దానికి చెప్పొచ్చుగా."

"చెప్పాను. నమ్మలేదు. మా నాన్న ఉన్న చోట అలా ఉండదంది."

పొడుగాయన గోడకానుకుని నిలబడిపోయాడు.

"చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఇన్నేళ్లూ మేం విన్నాంలెండి, అదేం తప్పు కాదు" అంది భార్య. తర్వాత గొంతు మారింది. "దారిలో అది ఒకటే మాట అడిగింది. 'అమ్మా, నా చిన్నప్పుడు నాన్న చెప్పినవన్నీ ఉత్తివేనా?' అని."

ఆయన కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి. అవి ఉత్తివి కావు. ఆ తల, ఆ మిరియాలు, వీధి మలుపు దాకా పోయిన ఆ వాసన, అన్నీ నిజం. ఆయన జీవితం మొత్తంలో చెప్పుకోదగ్గ నిజాలు అవే. రోజూ ఉత్త పెదవులు చప్పరించి ఆయన చెప్పిన అబద్ధం, కొత్తగా చెప్పిందే అయినా, వెనక్కి వెళ్లి ఆ పాత నిజాలన్నిటినీ తినేసింది. ఇంక ఆ పిల్లకి ఏది చెప్పినా ఏం లాభం?

టీ తాగకుండానే బయల్దేరాడు. చేపలమ్మే ఆవిడ అన్నమాట ప్రకారం చేప తీసిపెట్టింది. జరగాల్సిన భోజనం నిన్ననే అయిపోయిందని ఆవిడకేం తెలుసు! వద్దనడానికి నోరు రాలేదు. తడిగుడ్డలో చుట్టించుకుని హోటలుకి పట్టుకెళ్లి, మాస్టారి బల్ల మీద పెట్టాడు. మాస్టారు గుడ్డ విప్పి చూసి మళ్లీ చుట్టాడు.

తలుపు తెరిచే వేళైంది. అద్దం అవతల అప్పటికే గొడుగాయనా, వెనక ఇంకో ఇద్దరూ నిలబడి ఉన్నారు. అల్లుడు గడియ మీద చెయ్యి వేసి లోపలికి చూశాడు.

పొడుగాయన సూప్ గిన్నె మూత తీశాడు. చెంచా ముంచాడు. పెదవుల దాకా తెచ్చాడు. ఈసారి నోట్లో పెట్టుకున్నాడు.

బల్ల తుడుస్తున్న మాస్టారి చెయ్యి ఆగింది.

పిండి, ఉప్పునీళ్లు, పాత నూనె కంపు, వీటన్నిటి కింద ఎక్కడో చేప కానిదేదో. నిన్న తన కూతురు కళ్లు మూసుకుని మింగింది ఇదే. పొడుగాయన దాన్ని మింగాడు. మింగాల్సిందే అనిపించింది.

"ఏంటండీ, తియ్యమంటారా?" అన్నాడు అల్లుడు.

"వద్దండి. ఇది బాగోలేదు."

మాస్టారు ఆయన వైపే చూస్తున్నాడు. గిన్నెలు కడిగే ఆవిడ కుళాయి కట్టేసింది.

అల్లుడు చిరునవ్వు నవ్వాడు. "ఒంట్లో బాగోలేనట్టుంది మీకు. నోరు చేదుగా ఉందేమో. మీ పని మీరు చూసుకోండి" అంటూ తనే గడియ తీసేశాడు.

అంతే. తలుపు తెరుచుకుంది. పొడుగాయన మాట లేకుండానే తెరుచుకుంది. ఇన్నాళ్లూ ఆ మాట లేకపోతే గడియ కదలదనే ఆయన నమ్మాడు. కదలడానికి ఒక్క చెయ్యి చాలని ఇప్పుడు తెలిసింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

గొడుగాయన గొడుగు కుర్చీకి తగిలించాడు. "ఏం బాగుంటుందోయ్ ఇవాళ?"

పొడుగాయన నడుముకి కట్టుకున్న గుడ్డ ముడి విప్పాడు. "ఇవాళ ఇంట్లో తినండి బాబుగారూ" అన్నాడు.

గొడుగాయన ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత గొడుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఈసారి తల వంచుకోకుండా బయటికి నడిచాడు. వెనక వచ్చిన ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని, ఆకలేసి ఉంటారు పాపం, కూర్చునే ఉన్నారు.

అల్లుడు గొంతు పెంచలేదు. "మీరింక రేపట్నుంచి రావక్కర్లేదండి" అన్నాడు, మర్యాదగానే.

సంచి తీసుకుందామని పొడుగాయన వంటింట్లోకి వెళ్లాడు. మూల పొయ్యి మీద చిన్న గిన్నెలో నీళ్లు మసులుతున్నాయి. మాస్టారు చేప తల అందులో వేసి మూత పెట్టాడు. బయట బల్ల మీద గంట మోగుతోంది, ఆర్డరు పిలుస్తోంది. మాస్టారు వినిపించుకోలేదు.

"కాసేపు కూర్చో" అన్నాడు.

"మిమ్మల్నేమైనా అంటాడు మాస్టారూ."

"అననీ. నా నోటితో నేను అనలేనిది నువ్వు అన్నావు. ఈ మాత్రం గరిటె తిప్పలేనా?" మిరియాలు రోట్లో పోసి దంచడం మొదలెట్టాడు. బయట గంట మళ్లీ మోగింది. దానికంటే గట్టిగా దంచాడు.

మూత బిగించిన గిన్నెని తడిగుడ్డతో పట్టుకుని పొడుగాయన ఇంటికి నడిచాడు. వీధి మలుపు తిరిగేసరికి ఎవరింట్లోంచో ఒక పిల్లాడు బయటికొచ్చి వాసన చూసి వెళ్లాడు.

కూతురు సెలవు కదా, ఇంట్లోనే ఉంది. తండ్రి వేళ కాని వేళ రావడం చూసి లేచి నిలబడింది. భార్య ఆయన మొహం చూసింది.

"పని పోయింది" అన్నాడు పొడుగాయన.

"ముందు ఆ గిన్నె దించండి, చేతులు కాల్తాయి" అంది భార్య.

ఆయన గిన్నె నేల మీద పెట్టి మూత తీశాడు. చెంచా తీసుకుని కూతురికిచ్చాడు. చేతిలో చెంచాతో ఆ పిల్ల చాలాసేపు ఆయన్నే చూసింది. నిన్నటి నవ్వు లేదు, చిలిపితనం లేదు. కళ్లు మూసుకోలేదు కూడా. తెరిచిన కళ్లతోనే, తండ్రిని చూస్తూనే మొదటి చెంచా తాగింది.

పొడుగాయన మూత చేత్తో పట్టుకునే కూర్చున్నాడు.

"ఉప్పు తగ్గింది నాన్నా" అంది.

ఆయనకి ప్రాణం లేచొచ్చింది. గబగబా లేచి ఉప్పు డబ్బా తెచ్చి, చిటికెడు వేసి, కలిపి, మళ్లీ చెంచా చేతికిచ్చాడు. ఆ పిల్ల ఊది, తాగి, మింగింది. మింగాక కిందపెదవి ఒక్కసారి వణికింది.

"తలుపు తియ్యండి" అంది చిన్నగా.

భార్య లేచి మూడు కంచాలు తెచ్చింది.